చిన్న పిస్తోలు - పెద్ద భరోసా

ఆత్మరక్షణ ప్రాణికోటికి సహజధర్మం. లేడికి కాళ్ళు, ఎద్దుకు కొమ్ములు, ముళ్ళపందికి ముళ్ళు ప్రకృతి ప్రసాదించిన సాధనాలు. మానవునికి ప్రకృతి అట్టి సాధనమేదీ ఈయలేదు. బుద్ధిని మాత్రమే ఇచ్చినది. ఆ బుద్ధితోనే అతడు రాతిని, కత్తిని, విల్లును, చివరకు తుపాకిని సమకూర్చుకొన్నాడు. తాను సమకూర్చుకొన్న ఆయుధం తనను నిజంగా కాపాడుచున్నదా లేదా అని అదే బుద్ధితో విచారించుకొనడం కూడ అతని కర్తవ్యమే.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది మన విద్యార్థినీ విద్యార్థులలో తరచు వినవచ్చే ఒక మాట. "ప్రతి ఆడపిల్ల చేతిసంచిలోను ఒక చిన్న పిస్తోలు ఉంటే ఈ అఘాయిత్యాలు జరుగుతాయా?" అన్నది ఆ మాట. ఈ ప్రశ్న వెనుక ఆవేదన ఉన్నది. దానిని మేము గౌరవిస్తాము. కాని ఆవేదన వేరు, ఉపాయం వేరు. చిన్న బోరు పిస్తోలు సామాన్య పౌరునికి, అందునా స్త్రీకి, తగిన ఆత్మరక్షణ సాధనం కాదని మా నిశ్చితాభిప్రాయం. అందుకు గల కారణాలను ఈ వ్యాసంలో మనవి చేస్తాము.

ముందుగా ఈ మాట ఎక్కడినుండి బలపడినదో చూడవలసి ఉన్నది. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరంలో కదలుతున్న బస్సులో ఒక విద్యార్థినిపై జరిగిన ఘోరం దేశాన్నంతటిని కుదిపివేసినది. పత్రికలు ఆమెకు 'నిర్భయ' అని పేరు పెట్టినవి. ఆ తరువాత ఏడాది తిరిగిన కొద్దిరోజులకు, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే పేరుతో ఒక రివాల్వరును విపణిలోకి తెచ్చినది. స్త్రీలను దృష్టిలో ఉంచుకొని తయారుచేసినదని దానిని గూర్చి ప్రచారం జరిగినది. .32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రలోహం, అర్ధకిలో బరువు, నగల పెట్టెవంటి పెట్టె. అప్పటి వెల లక్షా ఇరవైరెండువేల రూపాయలకు పైమాట. దాని తరువాత అంతకంటె చిన్నదైన .22 బోరు 'నిడర్' కూడ వచ్చినది. నిర్భీక్ అన్నా నిడర్ అన్నా అర్థం ఒక్కటే: భయములేనిది. పేర్లు బాగున్నవి. పేరులో ఉన్న గుణం వస్తువులో ఉన్నదా అన్నదే ప్రశ్న.

'బోరు' అనగా తుపాకి గొట్టపు లోపలి వ్యాసం. .22 అంటే అంగుళంలో నూటికి ఇరవైరెండు వంతులు, అనగా సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. .32 అంటే సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. మన దేశంలో సైన్యమూ పోలీసులూ వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధ బోరు క్రిందికి వస్తుంది. సామాన్య పౌరునికి దానికి లైసెన్సు లభించదు. కనుక మన దేశంలో ఆత్మరక్షణకు పిస్తోలు అంటే ఆచరణలో చిన్న బోరు పిస్తోలే. వ్యాసంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల భేదం స్వల్పంగా కనబడవచ్చును. కాని 9 మిల్లీమీటర్ల గుండు గొట్టం విడిచేటప్పుడు సుమారు 480 జౌళ్ళ శక్తిని మోసుకొనిపోతే, .32 రివాల్వరు గుండు దానిలో మూడవవంతు శక్తిని మాత్రమే మోయగలదు. పొట్టి గొట్టం నుండి వెలువడే .22 గుండు శక్తి ఇంకను తక్కువ.

చిన్న పిస్తోలును సమర్థించేవారి వాదాన్ని కూడ న్యాయంగా చెప్పుకోవాలి. అది తేలిక, సంచిలో ఇముడుతుంది. పేల్చినపుడు చేతికి తగిలే ఎదురుదెబ్బ స్వల్పం. కనుక బలహీనుడు సైతం గురి తప్పకుండ పేల్చగలడు. పెద్ద పిస్తోలుతో గురి తప్పడం కంటె చిన్న పిస్తోలుతో గురి తగలడం మేలు. పైగా పిస్తోలు కనబడినంత మాత్రాన చాలమంది దుండగులు పారిపోతారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. అమెరికాలో ఏటా ఇరవైఐదు లక్షల పర్యాయాలు పౌరులు తుపాకితో తమను కాపాడుకొంటున్నారని 1995లో ఇద్దరు పరిశోధకులు అంచనా వేసినారు. కాని ఆ దేశ ప్రభుత్వమే జరిపే నేరబాధితుల సర్వే లెక్కలు దానిలో చాల చిన్న భాగాన్ని మాత్రమే చూపుతున్నవి. అంచనాల మధ్య ఇంతటి అంతరం ఉన్నపుడు వాటిపై ఒకరి ప్రాణాన్ని పణంగా పెట్టడం వివేకం కాదు.

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. చంపడం వేరు, ఆపడం వేరు. ఆత్మరక్షణకు కావలసినది ఎదుటివాని చావు కాదు; వాడు ఆ క్షణంలో ఆగిపోవడం. చిన్న బోరు గుండు చంపగలదు, సందేహం లేదు. 1968 జూన్ 5న లాస్ ఏంజెలిస్‌లో రాబర్ట్ కెనెడీపై పేల్చినది .22 రివాల్వరే, మరునాడు ఆయన కన్నుమూసినారు. అయితే ఆపడం మాట? 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్‌కు తగిలిన గుండు కూడ .22 గుండే. అది ఊపిరితిత్తిలో దూరి గుండెకు దాదాపు ఒక అంగుళం దూరంలో ఆగినది. కాని తనకు గుండు తగిలినదనే సంగతి మొదట ఆయనకే తెలియలేదు. కారులోకి నెట్టినపుడు పక్కటెముక విరిగిందనుకొన్నారు. 1912లో మిల్వాకీ నగరంలో థియోడర్ రూజ్వెల్ట్ రొమ్ములో .38 గుండు దిగినది. జేబులోని ఉపన్యాస ప్రతిని, కళ్ళజోడు పెట్టెను చీల్చుకొని పోవడంచేత దాని వేగం కొంత తగ్గినమాట నిజమే. కాని గుండు ఒంటిలో ఉండగానే ఆయన గంటకు పైగా ఉపన్యసించినారు.

సత్పురుషుని నిలబెట్టిన ఆ శరీరధర్మమే దుర్మార్గుని కూడ నిలబెడుతుంది. కోపంతోనో, మత్తుతోనో ఊగిపోయేవాడు దెబ్బ తిన్నది తెలియకనే మీదికి వస్తాడు. 1986 ఏప్రిల్ 11న మయామీ నగరంలో అమెరికా కేంద్ర నేరపరిశోధక సంస్థకు చెందిన ఎనిమిది మంది అధికారులు ఇద్దరు దోపిడిగాండ్రను చుట్టుముట్టినారు. వారిలో ఒకనికి తొలిదశలోనే 9 మిల్లీమీటర్ల గుండు భుజం గుండా రొమ్ములో దిగినది; గుండెకు చేరకముందే ఆగిపోయినది. వాడు ఆ గాయంతోనే కాల్పులు సాగించినాడు. చివరకు దుండగులిద్దరూ మరణించినారు. కాని ఇద్దరు అధికారులు ప్రాణాలు కోల్పోయినారు, ఐదుగురు గాయపడినారు. పిదప ఆ సంస్థ జరిపిన విచారణలో పిస్తోలు గుండు శరీరంలోకి కనీసం పన్నెండు అంగుళాలు చొచ్చుకొనిపోగలగాలని తేల్చినారు. శిక్షణ పొందిన అధికారులకే, అదియును 9 మిల్లీమీటర్ల పిస్తోలుతోనే ఇట్టి గతి పట్టగా, మొదటిసారి పిస్తోలు పట్టిన యువతికి .32 రివాల్వరు ఏమి భరోసా ఈయగలదు?

కనుక చిన్న పిస్తోలులో ఒక విషాదం ఇమిడి ఉన్నది. అది దాడిని ఆపలేకపోవచ్చును. అయినప్పటికీ, కొన్ని గంటల తరువాత ఆసుపత్రిలో ఆ మనిషి ప్రాణం తీయవచ్చును. రక్షణా దక్కలేదు, హత్యాభారమూ తప్పలేదు. రెండు విధాల నష్టమే.

"అయితే పెద్ద పిస్తోలుకే అనుమతి ఇవ్వండి" అని కొందరనవచ్చును. ఈ తర్కం ఎక్కడకు చేరుతుందో చరిత్ర చెబుతున్నది. 'మనిషిని ఆపగల శక్తి' అన్న భావన గృహస్థుల ఆత్మరక్షణ కొరకు పుట్టినది కాదు. వలస సైన్యాల చేతిలో పెరిగినది. వాయవ్య సరిహద్దులో పఠానులను తమ గుండ్లు ఆపలేకపోతున్నవని తలచిన బ్రిటిషువారు కలకత్తా సమీపాన డమ్‌డమ్ కర్మాగారంలో దేహంలో దూరి విచ్చుకొనే గుండ్లను తయారుచేయించినారు. ఆ ఊరి పేరు ఆ గుండ్లకు పేరైనది. 1899లో హేగ్ నగరంలో కూడిన దేశాలు యుద్ధంలో అట్టి గుండ్లను నిషేధించినవి. అదే కాలంలో ఫిలిప్పీన్స్ దక్షిణ ద్వీపాలలో మోరో ముస్లిములతో పోరాడిన అమెరికా సైనికులు తమ .38 రివాల్వర్లు చాలడం లేదని మొరపెట్టుకొన్నారు. 1911లో ఆ సైన్యం.45 పిస్తోలును స్వీకరించడానికి ఆ అనుభవం ఒక కారణం. చిన్నది చాలదంటే పెద్దది, పెద్దది చాలదంటే ఇంకా పెద్దది. ఈ దారికి అంతం లేదు. మనము పెద్దది కొంటే దుండగుడు చిన్నదానితో సరిపెట్టుకొంటాడా?

ఆయుధ సామర్థ్యం మాట అటుంచి, కాలం మాట చూతము. 1983లో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ ఒక లెక్క కట్టినాడు. కత్తి పట్టినవాడు ఇరవైఒక్క అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటి మీద పడగలడు. నడుమున పిస్తోలు ధరించిన పోలీసువాడు దానిని దూసి గురిచూచి పేల్చడానికి పట్టే కాలమూ అంతే. ఇక చేతిసంచి జిప్పు తీసి, పుస్తకాల అడుగున, దువ్వెన పక్కన వెదకి, పిస్తోలు పైకి తీసే అమ్మాయికి ఎంతకాలం పడుతుంది? కిక్కిరిసిన బస్సులో ఇరవైఒక్క అడుగుల దూరం ఎక్కడిది? తీసిన తరువాత చేయి వణికితే, పెనుగులాటలో అది దుండగుని చేతికి చిక్కితే, తెచ్చుకొన్న రక్ష తనకే శిక్ష అవుతుంది. గురి తప్పిన గుండు వెనుక సీటులోని పసిపిల్లను వెదకుకొనిపోవచ్చును.

మరియొక కఠోరసత్యం ఉన్నది. దాడి చేసేవాడు చీకటి సందులో పొంచియున్న అపరిచితుడని మనము ఊహించుకొంటాము. మన జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్పే సంగతి వేరు. అత్యాచార కేసులలో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే: బంధువులు, ఇరుగుపొరుగువారు, స్నేహితులు, పెండ్లి చేసికొంటానని నమ్మించినవారు. ఇంటికి వచ్చి కూర్చున్న చుట్టంపై, నమ్మిన స్నేహితునిపై, ఏ క్షణంలో పిస్తోలు తీయాలి? తీయడానికి మనసు వచ్చేసరికి సమయం మించిపోతుంది. అట్టి దాడికి మందు తూటా కాదు. ఆడపిల్ల నోరు తెరచి చెప్పినపుడు నమ్మే తల్లిదండ్రులు, ఫిర్యాదు తీసికొనే పోలీసుస్టేషను, త్వరగా తీర్పు చెప్పే న్యాయస్థానం.

ఇంటిలోకి వచ్చిన పిస్తోలు దొంగ కొరకు మాత్రమే ఎదురుచూస్తూ కూర్చొనదు. ఇంటిలోని కోపాన్ని, నిరాశను, పసిపిల్లల కుతూహలాన్ని కూడ అది వింటూ ఉంటుంది. తుపాకి ఉన్న ఇంటిలో హత్య జరిగే అవకాశం లేని ఇంటికంటె రెండున్నర రెట్లకు మించి ఉన్నదని అమెరికాలో 1993లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిపి 2020లో ప్రకటించిన మరొక విస్తృత పరిశోధన ప్రకారం, సొంత పిస్తోలు ఉన్న పురుషులు దానిలేనివారికంటె తుపాకితో ఆత్మహత్య చేసికొనే అవకాశం సుమారు ఎనిమిది రెట్లు. స్త్రీల విషయంలో ముప్పైఐదు రెట్లు. మన దేశంలో తుపాకులు అంత విరివిగా లేవు. ఆ లెక్కలను యథాతథంగా మనకు అన్వయించరాదు. కాని పరీక్ష తప్పినందుకు, ప్రేమ విఫలమైనందుకు ప్రాణం తీసికొనే పిల్లలు మన ఊళ్ళలో లేరా? క్షణికమైన ఆ నిరాశకు చేతి దూరంలో పిస్తోలు ఉండనీయవచ్చునా?

ఇక చట్టం సంగతి. ఆత్మరక్షణ హక్కును మన చట్టం గుర్తించినది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్న ఆ హక్కు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షన్లలో ఉన్నది. మానభంగం, అపహరణ, ఆమ్లదాడి వంటి సందర్భాలలో దాడిచేసినవాని ప్రాణం తీయడం వరకు కూడ ఆ హక్కు వర్తిస్తుంది. కాని అవసరానికి మించిన హాని చేయరాదు. అధికారుల రక్షణ పొందే వ్యవధి ఉన్నపుడు ఆ హక్కు లేదు. చేతితో తోసినపుడు తోపుకు తగినంత తోపు ఈయవచ్చును. గుండుకు ఆ కొలత తెలియదు. భారతకథలో అర్జునుడు, అశ్వత్థామ ఇరువురూ బ్రహ్మాస్త్రం ప్రయోగించినవారే. ఉపసంహరించడం అర్జునునికి తెలుసు, అశ్వత్థామకు తెలియదు. ఆ ఒక్క తెలియమి ఉత్తర గర్భంమీదికి వచ్చినది. ట్రిగ్గరు నొక్కిన తరువాత మనమందరమూ అశ్వత్థామలమే.

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం ఇరవైఒక్క ఏండ్లు నిండనివారికి లైసెన్సు లేదు. అనగా మన కళాశాల విద్యార్థులలో చాలమందికి ఈ సాధనం అందుబాటులోనే లేదు. 2016 నాటి నిబంధనల ప్రకారం భద్రతా శిక్షణ పొంది, కలెక్టరుకో పోలీసు కమిషనరుకో దరఖాస్తు పెట్టుకొని, విచారణ ముగిసేవరకు వేచి ఉండవలెను. ఎన్నికలు వచ్చినపుడు అధికారులు కోరితే ఆయుధాన్ని ఠాణాలో అప్పగించవలెను. వెల సంగతి ముందే చెప్పినాము. నిజామాబాదులో బీడీలు చుట్టి పొట్టపోసికొనే తల్లి, తన కూతురి రక్షణకు అంత సొమ్ము ఎక్కడినుండి తేగలదు? రాత్రి పని ముగించుకొని ఇంటికి నడచిపోయే శ్రామిక స్త్రీకి ఈ నగలపెట్టె ఏ విధంగా చుట్టం? కలిగినవారికి రివాల్వరు, లేనివారికి దైవమే దిక్కు అన్నట్లయితే ప్రభుత్వం ఎందుకు?

మా కళాశాల వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో మరియొక మాట చెప్పకుండ ఉండలేము. పట్టణంలో ఏదైన ఉద్రిక్తత తలెత్తినపుడు, ఈ వీథిలోను ఆ వీథిలోను, "ఇంటిలో ఒక ఆయుధం ఉండాలి" అనే గుసగుస ఒకేసారి బయలుదేరుతుంది. భయం ఇరువైపులా ఒకటే భాష మాట్లాడుతుంది. ఒక ఇంటి ఆయుధం పొరుగింటి భయమవుతుంది. ఆ భయం మరొక ఆయుధమవుతుంది. ఉర్దూలో రక్షణను 'హిఫాజత్' అంటారు. మన ఇంటికి నిజమైన హిఫాజత్ పొరుగింటి తలుపు. అర్ధరాత్రి మనము తట్టినపుడు ఆ తలుపు తెరచుకొనేటట్లు జీవించడమే పెద్ద రక్షణ.

తన ప్రాణాన్ని, కుటుంబాన్ని, సొత్తును కాపాడుకొంటూ మరణించినవానికి అమరుల స్థానం ఉన్నదని ఇస్లాం బోధిస్తున్నది. కనుక ఆత్మరక్షణ పిరికితనమని గాని పాపమని గాని మేమనుట లేదు. కాని అదే ప్రవక్త, బాణాలతో మసీదులోనో బజారులోనో నడిచేవాడు ఎవరికీ గాయం కాకుండ వాటి మొనలను చేతితో పట్టుకొని నడవాలని ఆదేశించినారు. ఆయుధం ధరించినవాని మొదటి బాధ్యత శత్రువు పట్ల కాదు. ప్రక్కన నడిచే నిరపరాధి పట్ల. సంచిలో కదలాడే పిస్తోలు మొనను పట్టుకొనేదెవరు?

కొందరికి మినహాయింపు ఉండవచ్చును. ప్రాణభయం ఉన్నదని పోలీసులే నిర్ధారించినవారు, ఊరికి దూరంగా పొలాలలో నివసించేవారు తగిన శిక్షణ పొంది, విడువని అభ్యాసంతో ఆయుధం ఉంచుకొంటే మేము ఆక్షేపించము. అట్టివారికి సైతం ఆయుధం చివరి మెట్టే గాని మొదటి మెట్టు కాదు.

మొదటి మెట్లు ఏవి? ఢిల్లీ ఘటన తరువాత న్యాయమూర్తి జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 29 దినాలలో, 2013 జనవరి 23న, తన నివేదిక సమర్పించినది. చట్టాల సవరణతో బాటు పోలీసు వ్యవస్థ సంస్కరణను, వీథిదీపాలను, భద్రమైన బస్సు సౌకర్యాన్ని గూర్చి అది చర్చించినది. దీపం వెలిగిన వీథి ఆ వీథిలో నడిచే ప్రతి స్త్రీకి రక్ష. పిస్తోలు, పనిచేస్తే, ఒక్కరికే రక్ష. హైదరాబాదులో 2014 అక్టోబరులో ఏర్పడిన షీ టీములు మఫ్టీలో బస్‌స్టాపులలో, కళాశాలల ముంగిట నిలిచి వేధించేవారిని పట్టుకొంటున్నవి. 112 నంబరుకు ఫోను చేయవచ్చును. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసికొనవలెనని ఇప్పుడు చట్టమే చెబుతున్నది. ఈ సంగతులు మన విద్యార్థినులలో ఎందరికి తెలుసు? లైసెన్సు అవసరంలేని మిరియపు పిచికారి, గట్టిగా అరవడం, చేయి విడిపించుకొని పరుగెత్తడం నేర్పే శిక్షణ, సాయంకాలం నలుగురు కలిసి నడచే అలవాటు: ఇవి చిన్న సాధనాలే. కాని ఇవి పొరపాటున పేలవు. పేలి ఎవరి ప్రాణమూ తీయవు.

మన కళాశాలలో ఈ శిక్షణ ప్రతి సంవత్సరం జరగాలని, అందులో విద్యార్థులు సైతం పాల్గొనాలని మా సూచన. ఎందుకనగా స్త్రీ భద్రత స్త్రీ చేతిసంచిలో మోసుకొనిపోవలసిన బరువు కాదు. బస్సులో ఒకడు వెకిలిగా ప్రవర్తించినపుడు తక్కిన నలభైమంది కిటికీలోనుండి బయటకు చూస్తూ ఉంటే, ఆ అమ్మాయి సంచిలో నిర్భీక్ ఉండి ప్రయోజనమేమి? ఆ నలభైమందిలో పదిమంది లేచి నిలబడితే పిస్తోలుతో పనియేమి? ఆ పదిమంది మన తరగతి గదులనుండి రావాలి. వారిని తయారుచేయడం మా ఉపాధ్యాయుల బాధ్యత. లేచి నిలబడడం మీ బాధ్యత.